పెద్ద క్లబ్బులో రెండో గోల్‌కీపరా, చిన్న క్లబ్బులో మొదటివాడా: ఏది మేలు?

మా అక్క కొడుకు ఫుట్‌బాల్ గోల్‌కీపర్. వాడికి 19 ఏళ్లు. ఈమధ్య రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి పేరున్న జట్టు, మంచి హాస్టల్, విడిగా గోల్‌కీపింగ్ కోచ్, కాకపోతే అక్కడ వీడి ముందు ఇంకో ఇద్దరున్నారు. రెండోది కింది డివిజన్ జట్టు, గ్రౌండ్‌లో గడ్డి కూడా అంతంతమాత్రమే, జీతం తక్కువ, కానీ మొదటి మ్యాచ్ నుంచీ గోల్‌లో నువ్వే అంటున్నారు. "మామయ్యా, ఏది తీసుకోమంటావ్?" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. అప్పుడేదో సర్ది చెప్పాను గానీ తర్వాత నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇది వాడి ఒక్కడి ప్రశ్న కాదు, ప్రపంచంలో ప్రతి గోల్‌కీపరూ ఏదో ఒక వయసులో తేల్చుకోవాల్సిన ప్రశ్నే. తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా గోల్‌కీపర్ లెక్క వేరని గుర్తుపెట్టుకోవాలి. వింగర్‌కి కుడివైపు చోటు లేకపోతే ఎడమవైపు ఆడతాడు, అదీ లేకపోతే చివరి ఇరవై నిమిషాలకు దిగుతాడు. సబ్‌స్టిట్యూట్లు ఐదుగురికి పెరిగాక మిగతా ఆటగాళ్లకు అవకాశాలు ఇంకా పెరిగాయి. గోల్‌కీపర్‌కి అవేవీ లేవు. ఉన్నది ఒకటే చోటు. ఆ చోట్లో ఉన్నవాడికి దెబ్బ తగలాలి, లేదా రెడ్ కార్డు పడాలి, లేదా వరసగా తప్పులు చేయాలి. తోటివాడికి చెడు జరిగితే తప్ప తనకు మంచి జరగని ఉద్యోగం అది. పైగా రోజూ అతనితోనే కలిసి ట్రైనింగ్ చేయాలి. మ్యాచ్ మొదలయ్యే ముందు వార్మప్ ఎప్పుడైనా గమనించండి, రెండో కీపర్ మొదటివాడి మీదికి షాట్లు కొట్టి, క్రాసులు వేసి, అతని చేతులు వేడెక్కేదాకా పనిచేసి, ఆ తర్వాత గ్లవ్స్ తీసేసి, బిబ్ వేసుకుని వెళ్లి బెంచ్ మీద కూర్చుంటాడు. ఏడాదికి నలభై సార్లు అదే పని.

అలాగని పెద్ద క్లబ్బు బెంచ్‌ను తీసిపారేయలేం. ఇంగ్లండ్ కీపర్ స్కాట్ కార్సన్‌నే చూడండి. 2005లో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్ యూరప్ క్లబ్బుల పెద్ద కప్ చాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు బెంచ్ మీదున్నాడు. 2007లో వెంబ్లీలో క్రొయేషియా మీద ఇంగ్లండ్‌కి ఆడాడు, నికో క్రాంచార్ దూరం నుంచి కొట్టిన బంతి చేతుల్లోంచి జారి గోలైపోయింది, ఇంగ్లండ్ 3-2తో ఓడి యూరో 2008కి దూరమైంది. అప్పటికి కుర్రాడి వయసు 22. ఆ తర్వాత ఎన్నో క్లబ్బులు తిరిగి 2019లో మాంచెస్టర్ సిటీకి మూడో కీపర్‌గా వెళ్లాడు. అక్కడ ఆరు సీజన్లలో ఆడినవి రెండే మ్యాచ్‌లు. అయినా 2023లో మళ్లీ చాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లోని క్లబ్బులు ఇలాంటివాళ్లను ఎందుకు పెట్టుకుంటాయంటే, 25 మంది జాబితాలో బయటి దేశాల క్లబ్బుల్లో పెరిగిన ఆటగాళ్లు 17 మందికి మించకూడదు, మిగతా చోట్లు అక్కడ పెరిగినవాళ్లవే, కాబట్టి రోజూ శ్రద్ధగా ట్రైనింగ్ చేస్తూ డ్రెస్సింగ్ రూమ్‌లో పెద్దమనిషిగా ఉండే ఇంగ్లిష్ కీపర్‌కి మంచి విలువ ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్లు దాటాక, నాలుగు వందల మ్యాచ్‌లు ఆడేసి, పిల్లల చదువులు చూసుకోవాల్సిన వయసులో, కడుపులో చల్ల కదలకుండా ఇలా గడపడంలో తప్పేముంది? నాకైతే గౌరవమే. కానీ కార్సన్ ఆ కుర్చీలో కూర్చునే ముందు పదిహేనేళ్లు బురదలో దొర్లాడు. ఈ సంగతి చాలామంది కుర్రాళ్లు మరిచిపోతారు.

పందొమ్మిదేళ్లకే ఆ కుర్చీ ఎక్కితే సంగతి వేరు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కాలేజీ రోజుల్లో సికింద్రాబాద్ వైపు ఒక లీగ్ జట్టుకి రెండేళ్లు రెండో కీపర్‌గా ఉన్నాను. ప్రాక్టీసులో బాగానే పట్టేవాణ్ని, కార్నర్లు వేస్తుంటే గాల్లోకి లేచి వరసగా ఇరవై బంతులు పట్టిన రోజులున్నాయి. ఒకరోజు మొదటి కీపర్ వేలు బెణికింది, రెండో హాఫ్‌లో నన్ను దింపారు. మొదటి కార్నర్ వచ్చింది. బంతి ఎక్కడ పడుతుందో నాకు స్పష్టంగా కనిపించింది. రెండడుగులు ముందుకు వేశాను. ఎదురుగా ఒక భుజం అడ్డొచ్చింది, వెనక నుంచి ఎవరో "వదిలెయ్" అని అరిచారు, అరిచింది మావాడో వాళ్లవాడో తెలియలేదు, వెళ్లాలా ఆగాలా అనుకునేలోపు బంతి తల మీంచి వెళ్లిపోయింది. నా చేతుల్లో లోపం లేదు, కాళ్లలో లోపం లేదు. ఆ అరుపుల మధ్య, ఆ తోపులాటలో, క్షణంలో సగంలో నిర్ణయం తీసుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు, ప్రాక్టీసులో నేర్పేది కూడా కాదు. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టే అయింది ఆ రెండేళ్లూ.

చిన్న క్లబ్బు ఇచ్చేది సరిగ్గా ఆ నీళ్లే. మీ ముందున్న డిఫెండర్లు అంత గట్టివాళ్లు కాదు కాబట్టి మ్యాచ్‌కి ఐదారు షాట్లు మీ మీదికే వస్తాయి, కార్నర్లు పదొస్తాయి, వర్షంలో జారే బంతి, తోసుకొచ్చే సెంటర్ ఫార్వర్డు, తిట్టే ప్రేక్షకులు, అన్నీ వారానికోసారి ఎదురవుతాయి. తప్పు చేస్తే మళ్లీ వచ్చే శనివారం దిద్దుకోవచ్చు. బెంచ్ మీదున్న కీపర్‌కి ఏడాదికి ఒక మ్యాచ్ దొరికి అందులో తప్పు చేస్తే, దిద్దుకునే మ్యాచ్ ఇంకో ఏడాదికి గానీ రాదు, అప్పటిదాకా ఆ తప్పునే మోసుకుంటూ తిరగాలి.

ఎమిలియానో మార్టినెజ్ కథ అందరికీ తెలిసిందే అనుకుంటారు, కానీ దాన్ని చాలామంది తలకిందులుగా చెబుతారు. "చూశావా, పదేళ్లు ఓపిక పట్టాడు, ప్రపంచ కప్ గెలిచాడు" అంటారు. నేను ఒప్పుకోను. అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటా కుర్రాడు 2010లో, 17 ఏళ్లకే ఆర్సెనల్ చేరాడు. ఆ తర్వాత పదేళ్లలో ఆర్సెనల్‌కి ఆడింది నలభై మ్యాచ్‌ల లోపే. మధ్యలో ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ వెన్స్‌డే, రోథర్‌హామ్, వుల్వ్స్, గెటాఫె, రీడింగ్, ఇలా లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా వేరే క్లబ్బులకు, తిరుగుతూనే ఉన్నాడు. గెటాఫెలో అయితే అక్కడా ఎక్కువ భాగం బెంచే. 2020 జూన్‌లో బ్రైటన్‌తో మ్యాచ్‌లో ఆర్సెనల్ మొదటి కీపర్ బెర్న్డ్ లెనో మోకాలికి దెబ్బ తగిలితే అప్పుడు దొరికింది చోటు. ఆరు వారాల తర్వాత ఆగస్టు 1న ఎఫ్‌ఏ కప్ ఫైనల్ గెలిచి వెక్కివెక్కి ఏడ్చాడు.

అసలు మలుపు ఆ తర్వాతది. కప్ చేతిలో పెట్టుకుని, 28వ పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే, ఆర్సెనల్‌లో మళ్లీ లెనోతో చోటు కోసం పోటీ పడే బదులు ఆస్టన్ విలాకి వెళ్లిపోయాడు. ఆ విలా అంతకుముందు సీజన్‌లో కింది డివిజన్‌కి పడిపోకుండా చివరి రోజు దాకా కొట్టుకుని 17వ స్థానంతో బయటపడ్డ జట్టు. పేరు చూసుకుంటే దిగువకు దిగడమే. కానీ అక్కడ ప్రతి వారం గోల్‌లో అతనే. 2021 జూన్‌లో అర్జెంటీనాకి తొలి మ్యాచ్ ఆడాడు, జూలైలో కోపా అమెరికా సెమీఫైనల్లో కొలంబియా మీద మూడు పెనాల్టీలు ఆపాడు, 2022 డిసెంబరు 18న లుసైల్‌లో ప్రపంచ కప్ ఫైనల్. 3-3, అదనపు సమయం కూడా అయిపోయి ఇంజురీ టైమ్ నడుస్తోంది, పొడుగ్గా వచ్చిన బంతి డిఫెన్స్ వెనక పడి ఎగిరింది, ఫ్రాన్స్ ఫార్వర్డు రాండాల్ కోలో మువానీ ఒంటరిగా ఎదురుగా. మార్టినెజ్ లైన్ మీద ఆగలేదు, ముందుకొచ్చి చేతులూ కాళ్లూ బార్లా చాపాడు, బంతి ఎడమ కాలికి తగిలి పక్కకు పోయింది. ఆ కాలు అంతవరకు చాచడం జిమ్‌లో వస్తుంది. ముందుకు ఎన్ని అడుగులు వేయాలి, ఎప్పుడు ఆగాలి అనేది మాత్రం విలా గోల్‌లో వారం వారం నిలబడితేనే వస్తుంది. అతన్ని గెలిపించింది పదేళ్ల ఓపిక కాదు, చివరి రెండేళ్ల ఆట. ఇది నా గట్టి నమ్మకం.

జర్మనీ నుంచి ఇంకో ఉదాహరణ. అలెగ్జాండర్ నూబెల్ షాల్కెలో మొదటి కీపర్‌గా ఉంటూ 2020లో బయర్న్ మ్యూనిక్ వెళ్లాడు. అక్కడ మొదటి కీపర్‌గా మాన్యుయెల్ నోయర్ ఉన్నాడని లోకమంతటికీ తెలుసు. దూరపు కొండలు నునుపు, ఒక ఏడాది బెంచ్ మీద గడిచేసరికి సంగతి అర్థమైంది. తర్వాత మొనాకోకి రెండేళ్లు లోన్, 2023 నుంచి స్టుట్‌గార్ట్‌కి లోన్. ఆ 2023-24 సీజన్లో జర్మన్ లీగ్‌లో స్టుట్‌గార్ట్ రెండో స్థానంలో నిలిచింది, బయర్న్ ఒక్క పాయింటు వెనక మూడో స్థానంలో మిగిలింది. 2024లో జర్మనీ జట్టు తలుపు కూడా తెరుచుకుంది.

ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి, దాచను. క్వీవీన్ కెలహర్ లివర్‌పూల్లో మొదటి కీపర్ అలిసన్ వెనక ఏళ్ల తరబడి ఉండి కూడా ఎదిగాడు. 2022 లీగ్ కప్ ఫైనల్లో చెల్సీ మీద పెనాల్టీల షూటౌట్ 10-10 దాకా వెళ్లింది, కెలహర్ తనే వచ్చి పదకొండో పెనాల్టీ కొట్టి గోల్ చేశాడు, అటువైపు చెల్సీ కీపర్ కెపా తన పెనాల్టీని పైకి కొట్టేశాడు. కానీ చూడండి, కెలహర్‌కి లివర్‌పూల్ దేశవాళీ కప్ మ్యాచ్‌లు ఇచ్చింది, అలిసన్‌కి గాయాలైనప్పుడు లీగ్‌లోనూ ఆడించింది. ఆడుతున్న రెండో కీపర్ వేరు, కూర్చున్న రెండో కీపర్ వేరు. అంత దొరికినా 2025లో అతను కూడా బ్రెంట్‌ఫర్డ్‌కి వెళ్లిపోయాడు, రోజూ ఆడటం కోసం. న్యూకాజిల్‌లో స్టీవ్ హార్పర్ ఇరవై ఏళ్లున్నాడు, అందులో ఎక్కువ కాలం షే గివెన్ వెనకే. ఆ ఊరి అభిమానులకు ప్రాణం. ఇంగ్లండ్ తరఫున మాత్రం ఒక్క మ్యాచ్ కూడా లేదు.

చిన్న క్లబ్బు దారిలో ముళ్లు లేవని కాదు. ఆరన్ రామ్స్‌డేల్ వరసగా రెండు సీజన్లు, ముందు బోర్న్‌మత్‌తో, తర్వాత షెఫీల్డ్ యునైటెడ్‌తో కింది డివిజన్‌కి పడిపోయాడు. జనం నానా మాటలన్నారు. కానీ ఆ రెండేళ్లలో అతని ఆట చూసే 2021లో ఆర్సెనల్ కొనుక్కుంది, అదే ఏడాది ఇంగ్లండ్ జట్టుకి ఆడే అవకాశం కూడా దక్కింది. జట్టు పడిపోతే కీపర్ కూడా పడిపోతాడన్న రూలేం లేదు, ఎక్కువ షాట్లు ఎదుర్కొన్నవాణ్ని స్కౌట్లు ఎక్కువ సార్లు చూస్తారు. కేలర్ నవాస్ కూడా లెవాంటే లాంటి మామూలు జట్టులో ఆడి, 2014 ప్రపంచ కప్‌లో కోస్టారికాను క్వార్టర్స్ దాకా తీసుకెళ్లి, అప్పుడు రియల్ మాడ్రిడ్ గడప తొక్కాడు, వరసగా మూడు చాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు.

మన దేశంలోనూ లెక్క పెద్దగా మారదు. భారత జట్టుకి ఆడిన కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు 2014లో నార్వేలోని స్టాబెక్‌కి వెళ్లాడు. చాలాకాలం బెంచే. 2016లో యూరోపా లీగ్ క్వాలిఫయింగ్ మ్యాచ్ ఆడి ఆ పోటీలో ఆడిన మొదటి భారతీయుడయ్యాడు, అది చిన్న విషయం కాదు, అక్కడి ట్రైనింగ్ అతన్ని మార్చిందనే నేననుకుంటాను. అయినా 2017లో బెంగళూరు తిరిగొచ్చి రోజూ ఆడటం మొదలుపెట్టాకే మనకు తెలిసిన గుర్‌ప్రీత్ తయారయ్యాడు. అదే బెంగళూరులో అతని వెనక ఉన్న కుర్రాడు ప్రభ్‌సుఖన్ గిల్ 2020లో కేరళ బ్లాస్టర్స్‌కి వెళ్లిపోయాడు, అక్కడ అల్బినో గోమ్స్‌కి గాయమయ్యాక దొరికిన చోటుని వదల్లేదు, 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ అతనిదే. ఆ సీజన్ ఫైనల్ మన హైదరాబాద్ ఎఫ్‌సీతోనే. షూటౌట్లో మూడు పెనాల్టీలు ఆపి మనకు కప్ తెచ్చిన లక్ష్మీకాంత్ కట్టిమణికి అప్పుడు 32 ఏళ్లు. ఆ కట్టిమణి ఉండగా హైదరాబాద్‌లో చోటు కోసం ఎదురుచూసిన గుర్మీత్ సింగ్ 2023లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌కి వెళ్లాడు, మరుసటి ఏడాది డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద రెండు పెనాల్టీలు ఆపి ఆ క్లబ్బుకి మొదటి ట్రోఫీ అందించాడు. ఒకటి మాత్రం జాగ్రత్త: మన దగ్గర చిన్న జట్లలో నెలల తరబడి జీతం ఆగిపోవడం కొత్త కాదు. ఇంట్లో మీ జీతం మీదే బండి నడుస్తుంటే సంతకానికి ముందు అక్కడ ఆడుతున్నవాళ్లని అడగండి, క్లబ్బు వాళ్లని కాదు.

కాబట్టి నా తీర్పు ఇది. పదహారు, పదిహేడేళ్ల వయసులో పెద్ద చోట రెండేళ్లు ఉండండి, మంచి కోచ్ దగ్గర కాళ్ల పొజిషన్, బంతి పట్టే తీరు, పాసింగ్ సరిదిద్దుకోండి, అప్పుడు కూర్చున్నా నష్టం లేదు. పందొమ్మిది నుంచి ఇరవై ఆరేడు దాకా ఆడే చోటికే వెళ్లండి, అది ఎంత చిన్న ఊరైనా సరే. ముప్ఫై నాలుగు దాటాక మీ ఇష్టం. గోల్‌కీపర్‌కి వయసు శత్రువు కాదు, ఇటలీ కీపర్ బుఫాన్ 45 ఏళ్ల దాకా క్లబ్బుకి ఆడాడు, అదే దేశపు డీనో జోఫ్ 40 ఏళ్లకు ప్రపంచ కప్ ఎత్తాడు, కానీ వాళ్లిద్దరూ ఇరవైల్లో ఆడుతూనే ఉన్నారు, కూర్చుని లేరు.

మర్నాడు పొద్దున్నే వాడికి ఫోన్ చేశాను. పెద్ద జట్టు వాళ్లని ఒక్కటే అడుగు అన్నాను: "పోయిన ఏడాది మీ రెండో కీపర్ ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు?" వాడు అడిగాడు. వాళ్లు కాసేపు ఆలోచించి, "ఒకటి, అది కూడా ఫ్రెండ్లీ" అన్నారట. వచ్చే సోమవారం వాడు కింది డివిజన్ జట్టులో చేరుతున్నాడు. గ్లవ్స్ రెండు జతలు నేను కొనిస్తానన్నాను, ఆ గ్రౌండ్లో గడ్డి తక్కువ కదా, ఒక జత నెల కూడా ఆగదు.