ఫెరైట్ బిళ్లా, తీగ చుట్టిన మేకా?

సైన్స్ ఫెయిర్ దగ్గర పడిందంటే పిల్లల చూపు హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీ మీద పడుతుంది. పాత స్పీకరులోంచి తీసిన నల్లటి ఫెరైట్ బిళ్ల, అంటే శాశ్వత అయస్కాంతం, కొనాలా, ఇనుప మేకుకు తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేసుకోవాలా?

బిళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కరెంటు అక్కర్లేదు. ఆపుదామన్నా ఆగదు. కింద పడితే మాత్రం పింగాణీలా పగులుతుంది.

నా ఓటు మేకుకే. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయర్‌స్టెడ్ చూపించాడు. ఆ ప్రభావాన్నే మనం మేకు చుట్టూ పోగేస్తున్నాం. మోటారు వైండింగ్ షాపులో అడిగితే ఎనామిల్ పూత వేసిన రాగి తీగ దొరుకుతుంది. రెండు కొసల్లోనూ పూతను గరుకు కాగితంతో గీకెయ్యాలి, లేకపోతే కరెంటే పారదు. ఒకే దిశలో ఒత్తుగా యాభై చుట్లు చుట్టి 1.5 వోల్టుల సెల్‌కు కలపండి, గుండుసూదులు అతుక్కుంటాయి. చుట్లు పెరిగితే బలం పెరుగుతుంది, కానీ ఓ మెలిక ఉంది: తీగ పొడవుతో పాటు నిరోధమూ పెరిగి కరెంటు తగ్గుతుంది. సెల్ తిప్పి పెడితే ధ్రువాలు తారుమారవుతాయి. సెల్ నుంచి తీగ తీసేస్తే సూదులు రాలతాయి. ఉక్కు మేకైతే ఒకట్రెండు వేలాడుతూనే ఉంటాయి.

సెల్ తొందరగా దిగిపోతుంది, తీగ వేడెక్కుతుంది. కొన్ని సెకన్లకోసారి ఆపాలి. గోడ ప్లగ్గు జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.

బీఎల్‌డీసీ ఫ్యానులో (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే ఫ్యాను) రెండూ ఉంటాయి: తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు, కదలని భాగంలో తీగచుట్లు.