ప్లిమత్ నుంచి జేమ్స్‌టౌన్ దాకా అమ్మతో

న్యూజెర్సీలోని మా ఇంటికి అమ్మ వచ్చినప్పుడు, ఇంగ్లీషువాళ్ల తొలి వలసల్లో మూడు చోట్లు కారులో చూపించాను.

నేటి మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో, ఇంగ్లీషువాళ్లు దిగిన చోటని చెప్పే 1620 అని చెక్కిన బండ చాలా చిన్నది. దాని కోసమే అంత దూరం వెళ్లకండి. ప్లిమత్ పటుక్సెట్ మ్యూజియం వారు కట్టిన పాత పల్లె మాత్రం తప్పక చూడాలి. దడి లోపల ఒకే వీధి, అటూ ఇటూ ఇళ్లు, ఎగువన కోట. ప్రార్థన కూడా ఆ కోటలోనే. ఇలా ఒకచోట కాపురాలుండబట్టే, యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ పిల్లలకు చదువు చెప్పే పంతులును పెట్టుకోవాలని 1647లో పక్కనున్న మసాచుసెట్స్ బే వలస చట్టం చేయగలిగింది.

ఫిలడెల్ఫియాకు ఒక పూట చాలు. పెన్సిల్వేనియా వలసను స్థాపించిన విలియం పెన్ 1682లో వేయించిన తిన్నని వీధుల్లో నడవడమే సుఖం. కారు నిలపడానికి చాలా ఖర్చవుతుంది.

వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్‌లో దిగాం. కింది గది ఇస్తామని చెప్పి పై అంతస్తులో ఇచ్చారు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు ముందురోజు ఫోనుచేసి గట్టిగా అడగండి.

జేమ్స్‌టౌన్ పేరుతో అక్కడ రెండు చోట్లున్నాయి, టిక్కెట్లు వేరు. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ 1607 నాటి అసలు నేల. నదిలో కలిసిపోయిందనుకున్న కోట ఆనవాళ్లు 1994లో మొదలైన తవ్వకాల్లో దొరికాయి. ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. చర్చి బురుజు, తవ్వకాలు, నది చూశాక అమ్మ అడిగింది: "ఇంతకీ ఊరేది నాన్నా?"

ఊరు పెరగనివ్వనిది పొగాకు. ఇక్కడి వలసవాడు జాన్ రాల్ఫ్ 1612 ప్రాంతంలో వెస్టిండీస్ రకం వేశాక అందరూ ఆ పంటకే దిగారు. అది నేల సారాన్ని కొన్నేళ్లలోనే పీల్చేస్తుంది, మళ్లీ కొత్త నేల కావాలి. ఓడలు నది వెంట తోటల రేవులకే వచ్చి పీపాలు ఎక్కించుకునేవి. ఇక ఊరితో పనేముంది?

రెండోది, జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్, ఓడల నమూనాలతో కొత్తగా కట్టింది. అక్కడ వేలాడదీసిన ఆకును అమ్మ వేళ్లతో నలిపి వాసన చూసింది. మా అమ్మమ్మగారిది కందుకూరు వైపు పొగాకు సేద్యం. "ఇది బ్యారన్ ఆకు కాదు, గాలికి ఆరింది" అంది. బ్యారన్ అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు. మనవాళ్లు వర్జీనియా అని పిలిచే పొగాకుకు ఆ పేరు ఈ నేలదే.

చివరి సాయంత్రం హాంప్టన్‌లోని ఫోర్ట్ మన్రో. ప్రవేశం ఉచితం. 1619 ఆగస్టులో బందీలుగా తెచ్చిన ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దించింది ఇక్కడే. తర్వాత తరాల తరబడి ఆ పొగాకు చేలల్లో నడుము వంచింది వాళ్ల జాతివాళ్లే. చెబుతుంటే అమ్మ చాలాసేపు నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.