దసరా రద్దీ తగ్గాక రెండు రోజుల ఎండకు: పాకాల, రామప్ప, లక్నవరం, జన్నారం – ఏది మేలు?

మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. వానలు వెనక్కి పోయి గాలి పొడిబారిందంటే చాలు, ఆమె అడిగేది ఒకటే: "ఎటన్నా ఎండల కూసుందాం బిడ్డా." హనుమకొండలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలోకి ఎండ పొద్దున గంటన్నర వస్తుంది, తర్వాత పక్క అపార్ట్‌మెంట్ నీడ కమ్మేస్తుంది. అందుకే నాలుగేళ్ళుగా దీపావళి దాటాక మేము ముగ్గురం, అత్తమ్మ, మా ఆయన, నేను, రెండు రోజులు ఎటైనా వెళ్తున్నాం. మా ఆయనది షిఫ్టు ఉద్యోగం, సెలవు ఎక్కువగా వారం మధ్యలోనే పడుతుంది. పిల్లలు పెద్దవాళ్ళై బయట చదువుతున్నారు కాబట్టి బడి సెలవుల కోసం చూడాల్సిన పని లేదు. మాలాగా వారం మధ్యలో కదలగలిగిన వాళ్ళకు పనికొస్తుందని మేము వెళ్ళిన చోట్లను పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

ముందు కాలం సంగతి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ కోసం ఎవరూ ఎటూ పోరు. రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజుల్లో గుడి బండ మీద కాలు పెడితే బొబ్బలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఆ రోజుల్లో జనమంతా వాజేడు దగ్గరి బొగత జలపాతానికి పరుగు తీస్తారు, అది వానాకాలపు సంబరం. మనం కోరుకునే లేత ఎండ నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్ళాకే వస్తుంది, అంటే అక్టోబరు సగం దాటాక. అప్పుడు కూడా వెంటనే బయలుదేరొద్దంటాను. ఒకటి, దసరా సెలవుల రద్దీ. రెండు, బంగాళాఖాతం తుఫాన్లు. 2025 అక్టోబరు చివర మొంథా తుఫానుకు వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలే మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. నవంబరు మొదటి వారం దాటనిచ్చి బయలుదేరితే మనసు నిమ్మళంగా ఉంటుంది. అప్పటికి పగలు ముప్పై డిగ్రీలకు అటూ ఇటూ, రాత్రికి ఒక దుప్పటి సరిపోతుంది.

ఇంకో మెలిక కార్తీకం. శివుడి గుళ్ళకు సోమవారాల్లో జనం, చెరువు గట్లకు ఆదివారాల్లో వనభోజనాల జనం. అందుకే మా లెక్క మంగళవారం నుంచి గురువారం దాకా. నిశ్శబ్దం కావాలంటే ఊరి ఎంపిక ఎంత ముఖ్యమో రోజు ఎంపిక కూడా అంతే ముఖ్యమని మాకు లక్నవరం దగ్గర తెలిసింది.

లక్నవరం అందం గురించి ఎవరికీ అనుమానం అక్కర్లేదు. గోవిందరావుపేట మండలంలో, గుట్టల నడుమ కాకతీయుల నాటి చెరువు, నీళ్ళ మధ్యన దీవులు, వాటిని కలుపుతూ వేలాడే వంతెన. మొదటిసారి మేము కార్తీక ఆదివారం నాడు వెళ్ళాం. కార్లు ఆపే చోటు దొరికేసరికే మధ్యాహ్నమైంది. వంతెన మీద సెల్ఫీల కోసం ఆగినవాళ్ళు ఆగినచోటే, ఒడ్డున రెండు గుంపులు పోటీపడి పెట్టిన స్పీకర్లు. వంతెన ఊగడం మొదలుపెట్టగానే అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. సగం దాకా కూడా పోలేదు, "నన్ను ఎనుకకు తీస్కపో" అంది. మరుసటి ఏడాది బుధవారం వెళ్ళాం. అదే వంతెన మీద మేము కాక ఇంకో నలుగురున్నారేమో. బోటు కోసం ఎదురుచూడలేదు. అయినా అత్తమ్మ వంతెన ఎక్కలేదు, ఒడ్డునే కూర్చుంది. నడవగలిగిన వాళ్ళకు, దీవి మీది కాటేజీలో రాత్రి ఉండాలనుకునే కొత్త జంటలకు లక్నవరం బాగుంటుంది. మెట్లన్నా ఊగే వంతెనలన్నా భయపడే పెద్దవాళ్ళతో వెళ్తే వాళ్ళకు దొరికేది ఒడ్డు ఒక్కటే.

ఆ ఒడ్డు కోసమే అయితే పాకాల ఎందుకు కాకూడదు అన్నది మా ఆయన వాదన. నిజమే. నర్సంపేట అవతల ఖానాపురం మండలంలో ఉంది, వరంగల్ నుంచి యాభై కిలోమీటర్లు. గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు. ఎనిమిది వందల ఏళ్ళయినా ఇప్పటికీ దాని కింద పొలాలు పారుతున్నాయి, మున్నేరు పుట్టేది కూడా ఇక్కడే. కట్ట ఎక్కితే ముందు నీళ్ళు, ఆ నీళ్ళకు అవతల అభయారణ్యం. నవంబరులో చెరువు నిండుగా ఉంటుంది, వానల బురద తేరుకుని నీళ్ళు తేటగా ఉంటాయి. కట్ట మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే వీపుకు ఎండ, ముఖానికి గాలి. మేము వెళ్ళిన గురువారం పదకొండింటికి కట్ట మీద మేము, చేపల వలలు సర్దుకుంటున్న ఇద్దరు, అంతే. అత్తమ్మ రెండు కాళ్ళూ చాపుకుని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని, ఆముదం రాసుకుంటూ రెండు గంటలు కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

పాకాలలో కష్టం తిండి, పడక. వారం మధ్యలో తినడానికి ఏమీ దొరకదనే అనుకుని బయలుదేరాలి. మేము ఇంటి నుంచే సర్వపిండి, పెరుగన్నం, నిమ్మకాయ తొక్కు కట్టుకుపోతాం. తిండి బయట పెట్టేముందు చుట్టూ ఒకసారి చూడాలి, కోతులున్నాయి. సర్వపిండి గిన్నె మూత తీసి పక్కకు తిరిగేలోపు ఒకటి చేతిలోంచే లాక్కుపోయింది. రాత్రి ఉండటానికి నమ్మకమైన చోటు ముందే ఖాయం చేసుకోకపోతే చీకటి పడకముందే తిరుగుముఖం పట్టాలి. కారు లేకపోతే నర్సంపేట దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆటోను తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే సాయంత్రం టెన్షన్. ఒక్క రోజుకైతే, తక్కువ ఖర్చులో నిశ్శబ్దమే కావాలంటే, నా ఓటు పాకాలకే.

రెండు రోజులైతే మాత్రం రామప్ప. దీని గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పదు.

ములుగు దాటి జంగాలపల్లి దగ్గర హైవే వదిలితే పాలంపేట. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అప్పటి నుంచి సెలవు రోజుల్లో బస్సులు వరుస కడుతున్నాయి, బడిపిల్లల విహారయాత్రలు కూడా చలికాలంలోనే. కానీ వారం మధ్యలో పొద్దున్నే, ఏడు ఏడున్నరకల్లా గుడి ముందు ఉంటే ఆ గుడి మనదే అన్నట్టు ఉంటుంది. అందుకే ములుగు వైపు రాత్రి మకాం పెట్టుకోమంటాను.

గుడి తూర్పు ముఖం. చలికాలపు ఎండ కిందికి వాలి వస్తుంది కదా, అది నేరుగా మండపంలోకి దూరుతుంది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద ఒరిగి నిలబడ్డ మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, నల్లరాయి. ఆ నల్లరాయిని ఎంత నునుపు చేశారంటే పొద్దుటి ఎండ పడ్డ భుజం తడిసినట్టే మెరుస్తుంది. నాగిని మదనిక ఒంటిని చుట్టుకున్న పాము పొలుసులు, ఇంకో ఆమె కాలికున్న ఎత్తు మడమల చెప్పు, ఇవన్నీ ఏటవాలు వెలుగులోనే స్పష్టంగా కనపడతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చూస్తే చూరు నీడలో నల్లగా కలిసిపోతాయి. గుడి అడుగున చుట్టూతా సాగే ఏనుగుల వరుసను అత్తమ్మ వేలితో లెక్కపెడుతూ నడిచింది, ఒక మూల తిరిగేసరికి లెక్క తప్పింది, మళ్ళీ మొదలుపెట్టలేదు కానీ నవ్వింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలికవి, పునాదిలో ఇసుక నింపి దాని మీద ఇంత బరువు నిలిపారు. ఈ మాటలన్నీ అక్కడి గైడ్లు బాగా చెప్తారు, వినండి.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు అసలు చెప్పాల్సింది పాదాల సంగతి. చెప్పులు బయట విడవాలి. మే నెలలో వచ్చిన చుట్టాలు ఒకసారి పరుగున ప్రదక్షిణ చేసి వెనక్కి వచ్చేశారు. నవంబరు పొద్దున ఎనిమిదింటికి బండ ఇంకా చల్లగానే ఉంటుంది, అత్తమ్మ సాక్సులు వేసుకుంది. తొమ్మిదిన్నరకు సాక్సులు విప్పేసి, నంది మండపం పక్కన బండ మీద అరికాళ్ళు ఆనించి, "ఇగ ఇట్ల ఉండాలె ఎండ" అంది. పదిన్నర దాటాక బండ కాస్త కాలడం మొదలైంది, అప్పుడు గడ్డి మీదికి జరిగాం. ఆ రెండు గంటలు ఆమెకు దొరకడం కోసం నేను ఎన్నిసార్లయినా ఆ దారి పడతాను.

గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు. లక్నవరంలో లాగా వంతెనలు, హంగులు లేవు, అందుకే జనం గుడి చూసి, చెరువు దాకా రాకుండా అటు నుంచి అటే వెళ్ళిపోతారు. మధ్యాహ్నం భోజనం అక్కడ గట్టు మీద చేశాం. సాయంత్రం గణపురం కోటగుళ్ళకు వెళ్ళాం. అవి కూడా కాకతీయుల గుళ్ళే, విరిగిన స్తంభాలు, ఒరిగిన గోడలు. రామప్ప చూసిన కళ్ళతో అక్కడికి వెళ్తే గుండె కలుక్కుమంటుంది, ఈ పని కూడా అంతే గొప్పది, దిక్కు లేక ఇలా మిగిలింది అనిపిస్తుంది. ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది కాబట్టి అప్పటికి బయటపడాలి.

వసతి విషయంలో ఒకసారి దెబ్బ తిన్నాం. ఫోటోలు చూసి ఒక ప్రైవేటు గెస్ట్‌హౌస్‌లో గది తీసుకుంటే వేడినీళ్ళు లేవు, కట్టిన అడ్వాన్సు వెనక్కి రాలేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి చలికాలంలో వేడినీళ్ళు లేని గది గదే కాదు. ఇప్పుడు మాత్రం ఫోన్ చేసి మూడు మాటలు అడుగుతాను: వేడినీళ్ళు ఉన్నాయా, కింది అంతస్తేనా, వెస్టర్న్ టాయిలెట్టేనా.

ఇక జన్నారం. ఇది దూరం, కానీ దారి సులువే. కాజీపేటలో రైలెక్కితే మంచిర్యాల, అక్కడి నుంచి లక్షెట్టిపేట మీదుగా జన్నారం. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి అది. వానాకాలంలో ఆపిన సఫారీ అక్టోబరు నుంచి మళ్ళీ మొదలవుతుంది. దుప్పులు, నీలుగాయిలు, అదృష్టం ఉంటే అడవిదున్న. పులి కోసమే వెళ్తే నిరాశ తప్పదు. నిశ్శబ్దంలో దీన్ని మించింది నేను చూడలేదు, రాత్రి టేకాకు రాలి ఎండాకుల మీద పడిన చప్పుడు కూడా వినపడింది. కానీ ఎండ కోసం వచ్చినవాళ్ళకు ఇది సరైన చోటు కాదు. చెట్ల నీడ ఎక్కువ, ఆదిలాబాద్ వైపు చలి మనకంటే ముందొస్తుంది, పొద్దుటి జీపులో చెవులకు మఫ్లర్ లేకుండా కూర్చోలేరు. అత్తమ్మ సఫారీకి రాలేదు, గది ముందు ఎండ పడ్డ నాలుగు గజాల జాగాలో కుర్చీ జరుపుకుంటూ గడిపింది. మా ఆయనకు మాత్రం అన్నిటికంటే ఇదే ఇష్టం.

కాళేశ్వరం అడిగేవాళ్ళుంటారు. ప్రాణహిత, గోదావరి కలిసేచోట విశాలమైన ఎండ ఉంటుంది కానీ కార్తీకమంతా స్నానాల రద్దీ. మార్గశిరంలో వెళ్ళండి. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ ఏడు ప్రశాంతత కోసం అటు చూడొద్దు. మేడారం జాతర రెండేళ్ళకోసారి మాఘంలో, కానీ ముందు మొక్కుల జనం చాలా వారాల ముందు నుంచే మొదలవుతారు. జాతర వచ్చే చలికాలమైతే ములుగు దారి పనులన్నీ నవంబరులోనే ముగించుకోవడం మేలు.

దారి గురించి ఒక్క మాట. నవంబరంటే వరి కోతలు. ఊళ్ళ దగ్గర రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచుకు రాళ్ళు పేర్చి పెడతారు. పగలు చూసుకుని పోవచ్చు, చీకట్లో ఆ రాళ్ళు కనపడవు. రైతు ఆరు నెలల కష్టం అది, దాని మీదికి టైరు ఎక్కించకుండా నెమ్మదిగా పోవాలి. మేము చీకటి పడ్డాక బండి తీయడం మానేశాం.

ఈసారి దీపావళి తర్వాత రెండో మంగళవారం రామప్పకు వెళ్తున్నాం, ఒక రాత్రి ఉండి వస్తాం. డిసెంబరులో ఒక గురువారం పాకాల. అత్తమ్మ అప్పుడే ఆముదం సీసా, రెండు జతల సాక్సులు సంచిలో పెట్టుకుంది.