పోపుల డబ్బాలో ఫజ్ పెడల్ – నాలుగేళ్లు వాయించాక

ముందే చెప్పేస్తాను, ఇది కొన్న పెడల్ కాదు. మా అమ్మ వాడటం మానేసిన స్టీలు పోపుల డబ్బాలో నేను కట్టుకున్న జెర్మేనియం ఫజ్. ఫజ్ అంటే గిటార్ స్వరాన్ని బరబరలాడించే, కాలితో నొక్కే పెట్టె; జెర్మేనియం అంటే పాతకాలం ట్రాన్సిస్టర్లు చేసిన పదార్థం. 2021 జూన్‌లో, ప్రోగ్రాములన్నీ ఆగిపోయి ఒడిశాలో రాయగడలో ఇంట్లో కూర్చున్నప్పుడు కట్టాను. అప్పట్నుంచి పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో, మా వైపు మెలొడీ అని పిలిచే ఆర్కెస్ట్రా స్టేజీల మీద నా కాలి కింద ఉన్నది ఇదే. ఇలాంటివి కట్టిన వారానికే రాసిన సమీక్షలు చాలా చదివాను, వాటిలో అందరికీ అద్భుతంగానే మోగుతుంది. ఒక ఎండాకాలం, ఒక చలికాలం దాటితే గానీ జెర్మేనియం సంగతి తెలియదు. నాకు నాలుగేసి దాటాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

సర్క్యూట్ కొత్తదేమీ కాదు. లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ 1966లో తెచ్చిన ఫజ్ ఫేస్, జిమీ హెండ్రిక్స్ వాడిన పెడల్, దాని నకలే. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్లు (నాబ్‌తో తిప్పే రెసిస్టర్లు), మొత్తం పదకొండు ముక్కలు. మైక్ స్టాండు అడుగున ఉండే గుండ్రటి దిమ్మ చూసి అసలు ఫజ్ ఫేస్ పెట్టెని గుండ్రంగా చేశారంటారు, నాకు పోపుల డబ్బా ఆలోచన అక్కడే వచ్చింది. స్టీలుకి కన్నాలు పెట్టడం మాత్రం తేలిక కాదు. ముందు మేకుతో గుంట కొట్టుకుని, డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ, చుక్క చుక్క నూనె వేస్తూ చెయ్యాలి, తొందరపడితే స్టీలు ఇంకా గట్టిపడిపోయి బిట్టు మొద్దుబారిపోతుంది. నాకు రెండు బిట్లు పోయాయి. "పోపుల డబ్బాకి కన్నాలెట్టీసేవేట్రా" అని అమ్మ ఓ పూట మాట్లాడలేదు, ఇప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలకి ఆవిడే తీసి చూపిస్తుంది.

ట్రాన్సిస్టర్లే అసలు కష్టం. మొదటి ఫజ్ ఫేసుల్లో వాడిన జెర్మేనియం రకాల్లో ఏసీ128 ఒకటి. అదే ట్రాన్సిస్టర్ మన పాత రేడియోల ఔట్‌పుట్ దశలో కూడా ఉండేది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న నాలుగూ నాకు పనికి రాలేదు, పైన ముద్ర కొత్తగా మెరుస్తోంది, కొలిస్తే అసలవి జెర్మేనియమే కావు. అప్పుడు మా బజార్లో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "ఏసీ వన్ ట్వంటీ ఎయిటా? అవెందుకు బావూ ఇప్పుడు?" అన్నారు. గిటార్‌కి అంటే కాసేపు నా మొహం చూసి, బల్ల కిందనుంచి ఓ పాత బిస్కెట్ డబ్బా తీసి కాగితం మీద బోర్లించారు. అందులో తొమ్మిది ఏరుకున్నాం. కాళ్లన్నీ నల్లబడిపోయి ఉన్నాయి, బ్లేడుతో గీకితే గానీ టంకం పట్టలేదు. డబ్బులు తీసుకోలేదు, "మోగితే ఓసారి తెచ్చి వినిపించు" అన్నారంతే.

మల్టీమీటర్‌లో ట్రాన్సిస్టర్ గుచ్చే కన్నాలుంటాయి కదా, అక్కడ వచ్చిన గెయిన్ అంకె, అంటే ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె, నమ్మి జెర్మేనియం ఎంచుకోకండి. ట్రాన్సిస్టర్‌కి ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లు. పాత జెర్మేనియంలో బేస్‌కి ఏమీ ఇవ్వకపోయినా కరెంటు కొంత కారిపోతూ ఉంటుంది, ఆ లీకేజీని కూడా మీటరు గెయిన్‌లో కలిపేసి చూపిస్తుంది. నా తొమ్మిదింట్లో ఒకటి మీటర్లో 150 చూపించింది, దాని అసలు గెయిన్ 72. సరైన పద్ధతి చాలా చవక. 9 వోల్టుల బ్యాటరీ, కలెక్టర్ దారిలో 2.4కె (కిలో ఓమ్‌ల) రెసిస్టర్, బేస్‌కి 2.2 మెగ్ (మెగా ఓమ్‌ల) రెసిస్టర్. బేస్ కలపకుండా 2.4కె మీద ఎంత వోల్టేజీ ఉందో చూస్తే అది లీకేజీ. బేస్ కలిపాక ఎంత పెరిగిందో దాన్ని వందతో గుణిస్తే దాదాపుగా గెయిన్ వచ్చేస్తుంది. నేను మొదటి చోట పెట్టినదానికి 0.31 నుంచి 1.09 వోల్టులకి పెరిగింది, అంటే 78. రెండో చోట పెట్టినదానికి 0.42 నుంచి 1.57, అంటే 115. మొదటిది 80 దగ్గర, రెండోది 120 దగ్గర ఉంటే బాగుంటుందని కట్టేవాళ్లు చెప్పుకునే మాట, నా చెవికీ అదే నిలిచింది.

ఆ కొలతలు తీస్తున్నప్పుడే ఒకటి చూశాను. ట్రాన్సిస్టర్‌ని రెండు వేళ్లతో పట్టుకున్నానంతే, 0.31 కాస్తా 0.33, 0.36, అలా ఎక్కుతూ 0.42 దగ్గర ఆగింది. వేళ్లు తీసేసి నోటితో ఊదితే మెల్లగా దిగడం మొదలైంది, మళ్లీ పట్టుకుంటే మళ్లీ ఎక్కింది. నా వేలి వేడికే ఇంత మారే వస్తువు మే నెలలో పందిరి కింద ఏమవుతుందో నాకు ఆ రోజే తట్టాల్సింది, తట్టలేదు. సర్క్యూట్ కట్టేశాను, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర సగం వోల్టేజీ, అంటే నాలుగున్నర రావాలి, ఆ వర్షాకాలం సాయంత్రం సరిగ్గా 4.5 వచ్చింది. చాలా సంతోషంగా మూత పెట్టేశాను.

మాట ఇచ్చినట్టే పట్టుకెళ్లి ఆ పెద్దాయనకి వినిపించాను. ఆయన చెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఓ పాట పూర్తిగా విని, "స్పీకరు చిరిగిపోతే వచ్చే సౌండు బావూ ఇది, మేం రోజంతా ఇది పోగొట్టడానికే కదా కష్టపడీవోళ్లం" అన్నారు. ఆ మాట నిజం. ఫజ్ పుట్టిందే అలా. అమెరికాలో నాష్‌విల్ స్టూడియోలో రికార్డింగ్ జరుగుతుండగా మిక్సర్‌లో ఒక ఛానల్ పాడై బేస్ గిటార్ బరబరమని వస్తే, ఆ చప్పుడు బాగుందని దాన్నే ఒక పెట్టెలో రప్పించారు, 1962లో వచ్చిన మేస్ట్రో ఎఫ్‌జెడ్-1 అదే. దాన్ని అమ్మేటప్పుడు గిటార్‌లో బాకాలు, ట్రంపెట్లు పలికించుకోవచ్చని చెప్పుకున్నారు. నాకు బాకా అవసరం పడలేదు, మొహురి పడింది. మా వైపు గిరిజనుల ధెంసా ఆట తెలిసినవాళ్లకి మొహురి తెలుసు, మన సన్నాయికి చుట్టం లాంటిది, ఊపిరి ఆగకుండా అలా సాగదీస్తూనే ఉంటారు. మెలొడీ ప్రోగ్రాముల్లో దేశియా పాటలు, అంటే కోరాపుట్ వైపు మాట్లాడే భాషలో పాటలు, పడ్డప్పుడు మొహురి వాయించేవాళ్లు అన్నిసార్లూ దొరకరు, కీబోర్డ్ మీద ఆ టోన్ పెడితే ప్లాస్టిక్‌లా ఉంటుంది. ఫజ్ నాబ్ పూర్తిగా తిప్పి, గిటార్ మెడ వైపు పికప్ పెట్టి, టోన్ మూడు దగ్గరికి తగ్గించి, ఒక్క తీగ మీద జారుతూ వాయిస్తే ఆ ముక్కుగొంతు వస్తుంది, స్వరం చచ్చిపోకుండా నిలబడుతుంది. మొదటిసారి అలా వాయించిన రోజు ముందు వరసలో ఆడవాళ్లు లేచి ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరస కట్టారు. నాలుగేళ్లలో ఈ పెడల్ నాకిచ్చిన పెద్ద సంతోషం అదే.

ఇంకో గొప్ప గుణం, జెర్మేనియం ఫజ్‌ని కాలితో ఆపక్కర్లేదు. గిటార్ వాల్యూమ్ పదిలో ఉంటే పూర్తి ఫజ్, ఏడుకి తగ్గిస్తే కొంచెం గరుకు, నాలుగైదుకి వస్తే గలగలమనే శుభ్రమైన టోన్, మామూలు క్లీన్ కంటే తీయగా ఉంటుంది. పాటంతా పెడల్ ఆన్‌లోనే ఉంచి చిటికెన వేలితో నడిపేస్తాను.

ఇప్పుడు ఎండ సంగతి. 2022 మే, మా ఊళ్లోనే పెళ్లి, సాయంత్రం అయినా పందిరి కింద సెగ తగ్గలేదు. రెండో పాటకే స్వరం చివర పుటుక్కున తెగిపోవడం మొదలైంది, పట్టి లాగితే ఉమ్మినట్టు చప్పుడు. తీగలు మార్చాను, కేబుల్ మార్చాను, పాట మధ్యలో చెమటలు. ఇంటికొచ్చి మూత తీసి కొలిస్తే నాలుగున్నర ఉండాల్సిన చోట 6.8 వోల్టులు. జెర్మేనియంలో సుమారు ప్రతి పది డిగ్రీలకీ లీకేజీ రెట్టింపవుతుంది, దాంతో మొదటి ట్రాన్సిస్టర్ తీరు మారి రెండోదానికి కరెంటు తగ్గిపోతుంది, బయాస్, అంటే ఆ నాలుగున్నర వోల్టుల నిలకడ, గతి తప్పుతుంది. అదే ఏడాది నవంబర్‌లో పరబ్ పండగ రోజుల్లో కోరాపుట్ వెళ్లాం, ఘాట్ ఎక్కేసరికి స్వెట్టర్ వేసుకోవాల్సిన చలి, అక్కడ దానికి పూర్తిగా ఎదురు, 3.6 వోల్టులు, సౌండు మొద్దుగా, దుప్పటి కప్పినట్టు. ఒకే పెడల్, ఒకే ట్రాన్సిస్టర్లు.

దీనికి మందు రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గరున్న 8.2కె రెసిస్టర్ తీసేసి, దాని చోట 4.7కె రెసిస్టర్, దాని వరుసలో 10కె పాట్ పెట్టడం. చాలామంది ఆ పాట్‌ని లోపల చిన్న ట్రిమ్మర్‌గా పెట్టుకుంటారు, మన వాతావరణానికి అది పని చెయ్యదు, స్టేజీ మీద మూత విప్పలేం కదా. బయట నాబ్‌గా పెట్టండి. ఇంత రాసిందీ ఈ ఒక్క మాట కోసమే అనుకోండి. ఎండలో కొంచెం పెంచుతాను, చలిలో తగ్గిస్తాను, ఒక స్వరం పట్టి వింటూ తిప్పితే పావు నిమిషం పని. ఇంకా చెయ్యగలిగింది, పెడల్‌ని హాలోజన్ లైటు ఎదురుగా, యాంప్ మీద పెట్టకుండా ఉండటం. మే నెలలో నేను వాయించే వరకూ దాని మీద తడిగుడ్డ చుట్టిన స్టీలు పళ్లెం బోర్లిస్తాను, చూసేవాళ్లు అడుగుతారు, చెప్తాను.

కరెంటు విషయంలో జాగ్రత్త. ఏసీ128 పీఎన్‌పీ రకం, అంటే ఇందులో ప్లస్ గ్రౌండ్ అవుతుంది, మిగతా పెడల్స్‌లో మైనస్ గ్రౌండ్. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగతో అన్నిటికీ కలిపితే షార్ట్ అయిపోతుంది. నేను ఒకసారి అలా కలిపితే డిలే, కోరస్ పెడల్స్ అన్నీ ఒకేసారి ఆగిపోయి, అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. అప్పట్నుంచి దీనికి విడిగా 9 వోల్టుల బ్యాటరీయే. లాగేది ఒక మిల్లీఆంపియర్ కంటే తక్కువ, మామూలు చవక బ్యాటరీ నాకు ఐదారు నెలలు వస్తుంది. ఇన్‌పుట్‌కి స్టీరియో జాక్ పెట్టి, కేబుల్ పీకితే బ్యాటరీ తెగేలా కట్టుకోండి, వాయించడం అయ్యాక కేబుల్ పీకడం మర్చిపోవద్దు.

పెడల్స్ వరుసలో ఇదే మొదట ఉండాలి, గిటార్ నుంచి నేరుగా. మధ్యలో బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే చిన్న సర్క్యూట్) ఉన్న ట్యూనర్ పెట్టినా, వైర్‌లెస్ పెట్టినా సౌండు గాజు గీకినట్టు అయిపోయి వాల్యూమ్ తగ్గిస్తే వచ్చే ఆ తీపి పోతుంది. నిర్వాహకులు వైర్‌లెస్ ఇస్తామంటే వద్దని కేబులే వాడుతున్నాను.

కోరాపుట్ దగ్గర జయపురంలో ఒక రాత్రి, పాటకీ పాటకీ మధ్య గిటార్ మీద చెయ్యి వేసి ఆపిన క్షణంలో యాంప్‌లోంచి ఒడియా వార్తలు వినిపించాయి. అక్కడ ఆకాశవాణి కేంద్రం ఉంది, మీడియం వేవ్. ఫజ్ లోపల ఇంత గెయిన్ ఉన్నప్పుడు కేబులే ఏరియల్ అయిపోతుంది. జనం నవ్వారు, నాకు మాత్రం టెన్షన్. ఇంటికొచ్చి చూస్తే డబ్బా స్టీలే గానీ మూతని గ్రౌండ్‌కి కలపలేదు నేను, పైన వేసిన వార్నిష్ వల్ల మూతకీ డబ్బాకీ అంటుకోలు లేదు. అంచు గీకి ఒక తీగ బిగించాను, మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య 100 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. మళ్లీ జయపురం మూడుసార్లు వెళ్లాను, వార్తలు రాలేదు. పై స్థాయి కొంచెం మెత్తబడింది, నాకు అదీ నచ్చింది.

ఇంత గొడవెందుకు, సిలికాన్ ట్రాన్సిస్టర్లతో కట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. కట్టాను, బీసీ108లతో ఇంకోటి, ఎండకి చలికి చలించదు, అడాప్టర్ మీద నడుస్తుంది, విడిభాగాలు విశాఖ వెళ్తే ఎక్కడైనా దొరుకుతాయి. పదునుగా, గట్టిగా ఉంటుంది, బ్యాండ్‌లో డ్రమ్స్ జోరుగా ఉన్నప్పుడు చీల్చుకుని వస్తుంది. వాల్యూమ్ తగ్గిస్తే మాత్రం జెర్మేనియం అంత శుభ్రంగా దిగదు, మొహురి అసలు రాదు. మొదటిసారి కట్టేవాళ్లు సిలికాన్‌తో మొదలుపెట్టడమే మంచిది. నా సిలికాన్‌దాన్ని ఎప్పుడూ సంచిలో పెట్టుకునే వెళ్తాను, మే నెలలో రెండుసార్లు అదే ఆదుకుంది.

నాలుగేళ్లలో పాడైనవి: కాలి స్విచ్ ఒకసారి మార్చాను, జాకులు వర్షాకాలంలో తుప్పు పట్టి గరగరమంటే రెండూ మార్చాను, ఫజ్ పాట్ తిప్పితే బరుకుతోంది, క్లీనర్ కొడితే కొన్నాళ్లు ఊరుకుంటుంది. ట్రాన్సిస్టర్లు రెండూ అవే. టంకం వేడికి పోకుండా వాటిని సాకెట్లో గుచ్చాను, అందువల్ల మిగతా ఏడింటినీ మార్చి మార్చి విన్నాను కూడా, చివరికి మొదటి జంటే మళ్లీ వచ్చి కూర్చుంది. మొత్తం ఖర్చు అప్పట్లో తొమ్మిది వందల లోపు, అందులో ఎక్కువ కాలి స్విచ్‌కే.

బయాస్ నాబ్ చుట్టూ మా చెల్లి గోళ్లరంగుతో గుర్తులు పెట్టుకున్నాను. ఎర్ర చుక్క రాయగడ మే నెల, తెల్ల చుక్క కోరాపుట్ నవంబర్. ఆ రెండిటి మధ్య వానాకాలానికి ఒక చుక్క పెడదామని రెండేళ్లుగా చూస్తున్నాను, ఒక్కో రాత్రి ఒక్కో చోట బాగుంటోంది, ఇంకా పెట్టలేదు.