ఫెర్రోఎలక్ట్రిక్ పొరను ఊపడానికి ఏది మేలు: 400 నానోమీటర్ల పల్సా, టెరాహెర్ట్జ్ పల్సా?

పంప్-ప్రోబ్ ప్రయోగం (ఒక పల్సుతో కదిపి, ఇంకో పల్సుతో చూసేది) మొదలుపెట్టే ప్రతివారూ అడిగే ప్రశ్నే ఇది. 20 నానోమీటర్ల మందమున్న లెడ్ టైటనేట్ పొరనే తీసుకుందాం; ఇది ఫెర్రోఎలక్ట్రిక్, అంటే బయటి ఫీల్డు లేకున్నా విద్యుత్ ధ్రువణం ఉండే పదార్థం.

400 నానోమీటర్లు తేలిక. 800 నానోమీటర్ల లేజర్‌ను పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసే బీబీఓ స్ఫటికంలోంచి పంపితే చాలు. కాకపోతే ఫోటాన్ శక్తి 3.1 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు), లెడ్ టైటనేట్ గ్యాప్ (ఎలక్ట్రాన్ లేవడానికి కావలసిన కనీస శక్తి) దాదాపు 3.6. పొర పెద్దగా మింగదు. 267 నానోమీటర్లకు పోవడం నయం. ఏదైనా సరే, ఈ పల్సు అయాన్లను నేరుగా తొయ్యదు. ముందు ఎలక్ట్రాన్లు లేచి లోపలి ఫీల్డును మారుస్తాయి, ఆ తర్వాతే పీజో ప్రభావంతో (ఫీల్డుకు స్ఫటికం సాగే గుణంతో) లాటిస్, అంటే పరమాణువుల అమరిక, సాగుతుంది. ఆ సాగుడు ధ్వని వేగాన్ని దాటలేదు కనుక 4-5 పికోసెకన్లు పడుతుంది. ఈలోగా వేడి తోడవుతుంది. బ్రాగ్ శిఖరం (లాటిస్ సాగుడును చూపే ఎక్స్-రే వివర్తన శిఖరం) జరిగింది సరే, జరిపింది ఛార్జా, వేడా? లెడ్ టైటనేట్‌లో ఒక ఊరట ఉంది: వేడెక్కితే సీ-అక్షం (ధ్రువణం ఉండే దిశ) కుంచించుకుపోతుంది, కాబట్టి సాగితే అది వేడి పని కాదు. బిస్మత్ ఫెర్రైట్‌లో ఆ సదుపాయమూ లేదు.

నా ఓటు టెరాహెర్ట్జ్‌కే, కారణం ఒక్కటే. టెరాహెర్ట్జ్ పల్సును పుట్టించే డీఎస్‌టీఎంఎస్ స్ఫటికాన్ని దాని తలంలోనే 180 డిగ్రీలు తిప్పితే ఫీల్డు దిశ తిరగబడుతుంది, మిగతాదేమీ మారదు. రెండు స్కాన్‌లలో ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే ఫీల్డు వెంట నడిచిన కదలిక మిగులుతుంది; కలిపితే వేడి లాంటివి బయటపడతాయి. 400తో ఈ పరీక్ష కుదరదు.

అయితే జాగ్రత్తలు ఎక్కువే. పల్సు నిటారుగా పడితే ఫీల్డు పొర తలంలోనే ఉంటుంది. సీ-అక్షం నిటారుగా ఉన్న పొరలో అప్పుడు కదిలేది 2.6 టెరాహెర్ట్జ్ ఈ-మోడ్ (అయాన్లు పొర తలంలో ఊగే కంపనం). అది నిటారు కదలికనే చూసే 003 బ్రాగ్ శిఖరంలో కనబడదు, తలంలోని కదలికకూ స్పందించే 103 చూడాలి. లిథియం నియోబేట్ జనరేటర్ శిఖరం 1 టెరాహెర్ట్జ్ లోపే, ఇక్కడికి చాలదు. పొర కింద ఆధారంగా స్ట్రాంషియం టైటనేట్ సబ్‌స్ట్రేట్ కూడా వద్దు: గది ఉష్ణోగ్రతలో దాని సాఫ్ట్ మోడ్ (తక్కువ పౌనఃపున్యపు కంపనం) 2.7 టెరాహెర్ట్జ్ దగ్గరే, ఫీల్డును అదే తినేస్తుంది. డిస్ప్రోసియం స్కాండేట్ నయం. పెట్టెలో పొడి నైట్రోజన్ నింపకపోతే నీటి ఆవిరి 1.1, 1.67 టెరాహెర్ట్జ్ దగ్గర కొరికి పల్సు వెనక తోక మిగిలిస్తుంది. ఆ తోకను లాటిస్ డోలనమనుకుంటే పని చెడినట్టే.

మిడ్-ఇన్‌ఫ్రారెడ్ సంగతా? 2017లో లిథియం నియోబేట్ ధ్రువణాన్ని దానితో తిప్పారు గానీ, అది క్షణికమే. పరికరం చేతిలో ఉంటే చూడండి.

అన్నిటికన్నా ముందు పీఎఫ్‌ఎం (డొమైన్లను చూపే సూది మైక్రోస్కోపు చిత్రం) తీయండి. ధ్రువణం పైకీ కిందికీ తిరిగిన డొమైన్లు (పొరలోని ప్రాంతాలు) సగం సగం ఉంటే, 103లో ఫీల్డుతో గుర్తు మారే సంకేతం ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అవుతుంది.