బరోక్ ఎన్‌గ్రేవింగ్‌ల కోసం వెళ్తుంటే ముందు ఆంట్‌వెర్ప్, తర్వాతే ఆమ్‌స్టర్‌డామ్

రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసిన బరోక్ (ప్రధానంగా 17వ శతాబ్దపు ఐరోపా కళాశైలి) నీతిచిత్రాలు చూడాలని వెళ్లేవాళ్లు ఎక్కువగా ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి నేరుగా రైక్స్‌మ్యూజియంకి పోతారు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌తో మొదలుపెడితే ఆ తర్వాత చూసే ప్రతి బొమ్మా బాగా అర్థమవుతుంది.

ఆంట్‌వెర్ప్‌లోని ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియం ఒకప్పటి ముద్రణాలయమే. 2005లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ సంస్థ ముద్రే ఒక నీతి: వృత్తలేఖినిలో కదిలే కాలు శ్రమ, కదలని కాలు నిలకడ. ఆ ముద్రణాలయం నడిపిన బాల్తసర్ మోరెటస్ పుస్తకాలకు చిత్రకారుడు రూబెన్స్ గీసిన ముఖపత్రాల దగ్గర తీరిగ్గా నిలబడండి. శంఖచక్రాలను బట్టి విష్ణువుని గుర్తుపట్టినట్టే ఇక్కడా చేతిలోని వస్తువుని బట్టే మనిషిని పోల్చుకోవాలి. కళ్లెం ఉంటే నిగ్రహం, అద్దమూ పామూ ఉంటే వివేకం, స్తంభం ఉంటే ధైర్యం, లంగరు ఉంటే ఆశ. ఈ గుర్తులను పోగుచేసిన ఇటలీ రచయిత చెజారె రీపా పుస్తకం ‘ఇకోనోలోజియా’ 1593లో బొమ్మలు లేకుండా, 1603లో బొమ్మలతో వచ్చింది. డచ్ అనువాదం 1644లో. దాని పేజీలు ముందే ఇంటర్నెట్‌లో తిరగేసి వెళ్తే సగం పని అయినట్టే.

ఒక జాగ్రత్త. రేకు మీద చెక్కింది కాగితం మీద తిరగబడుతుంది. మూలచిత్రాన్ని ఉన్నదున్నట్టు చెక్కితే అచ్చులో కత్తి ఎడమచేతికి వస్తుంది. అందులో గూఢార్థం వెతకొద్దు. బొమ్మ కింద పేరు పక్కన లాటిన్ పొట్టిమాటలు ఉంటాయి: ‘ఇన్వెన్’ అంటే ఊహించి గీసినవాడు, ‘స్కల్ప్’ చెక్కినవాడు, ‘ఎక్స్‌క్’ ప్రచురించినవాడు.

ప్లాంటిన్-మోరెటస్‌లోని రెండు పాత ప్రెస్సులు 1600 ప్రాంతానివి, అక్షరాల అచ్చుకి వాడినవి. రాగిరేకు అచ్చుకి వేరే యంత్రం కావాలి. సిరా గీతల లోతులో ఉంటుంది కాబట్టి తడి కాగితాన్ని రోలర్ల మధ్య గట్టిగా నొక్కితేనే పైకి వస్తుంది. అది కళ్లారా చూడాలంటే ఆమ్‌స్టర్‌డామ్‌లోని రెంబ్రాంట్ ఇంటి మ్యూజియంలో ప్రదర్శన ఇస్తారు. అక్కడ చూపించేది ఆమ్లంతో చేసే ఎచింగ్, బ్యూరిన్ అనే ఉక్కు ఉలితో చెక్కే ఎన్‌గ్రేవింగ్ కాదు. అచ్చు తీసే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

రైక్స్‌మ్యూజియం గోడల మీద ఈ అచ్చులు ఎక్కువగా కనబడవు. కాగితం వెలుతురుకి చెడుతుంది కనుక, ఇలాంటివాటిని 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గరి మసక వెలుగులో, అదీ కొద్ది నెలలే పెడతారు. అందుకే టికెట్ ఒక్కటే సరిపోదు. వెబ్‌సైట్‌లో కావలసిన బొమ్మల నంబర్లు రాసుకుని, ప్రయాణానికి వారాల ముందే ప్రింట్ల అధ్యయన గదికి అపాయింట్‌మెంట్ అడగండి. పాస్‌పోర్టు, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి, పెన్ను వద్దు. ఎక్కువ అడిగి హడావిడిగా తిప్పేకంటే నాలుగైదు చాలు. డచ్ ఎన్‌గ్రేవర్ గోల్‌ట్సియస్ పేరుతో 1594లో వచ్చిన ‘క్విస్ ఎవాడెట్’తో మొదలుపెట్టండి. పుర్రె మీద ఆనుకున్న పసివాడు బుడగలు ఊదుతుంటాడు, పక్కన పూవు, పొగ. ‘తప్పించుకునేదెవరు?’ అని ప్రశ్న. బరోక్‌కి కాస్త ముందుదే అయినా, జీవితం క్షణభంగురమని చెప్పే తర్వాతి చిత్రాలకు దారి ఇక్కడే కనిపిస్తుంది.

బసకి హార్లెం మేలు. గోల్‌ట్సియస్ ఊరు, ఆమ్‌స్టర్‌డామ్‌కి రైల్లో దాదాపు 20 నిమిషాలు. ఆమ్‌స్టర్‌డామ్ హోటళ్లలో గది ధర మీద 12.5 శాతం నగర పన్ను పడుతుంది (2024 నుంచి). బుకింగ్ చేసేటప్పుడు చూపించిన ధరలో అది కలిసిందో లేదో చూసుకోండి. హార్లెంలోనే 1784లో తెరిచిన టేలర్స్ మ్యూజియం ఉంది. భవనం అద్భుతం, కానీ ప్రింట్లు ఏ ప్రదర్శన నడుస్తోందన్నదాన్ని బట్టే.

బెల్జియం, నెదర్లాండ్స్ రెండు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు. ప్లాంటిన్-మోరెటస్, టేలర్స్ రెండూ సోమవారం మూసి ఉంటాయి కాబట్టి, ఆ రోజుని రైక్స్‌మ్యూజియంకి ఉంచుకోండి.