శ్రీకాకుళంలో డిమ్ సమ్: హంగులకే డబ్బులు

మా శ్రీకాకుళంలో కేసినో థీమ్‌తో తెరిచిన డిమ్ సమ్ (ఎక్కువగా ఆవిరికి ఉడికించి పెట్టే చైనా చిరుతిళ్ళు) రెస్టారెంట్‌కి వెళ్ళొచ్చా అని తెలిసినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఫొటోలకైతే వెళ్ళండి, డిమ్ సమ్ కోసమైతే వద్దు. ఇది ఒక్కపూట తినేసి చెబుతున్న మాట కాదు. తెరిచిన కొత్తలో మొదలుపెట్టి, వానాకాలం గడిచి, సంక్రాంతి దాటి, ఎండలు ముదిరేదాకా వెళ్తూనే ఉన్నాం. కొత్త కదా, మెల్లగా కుదురుకుంటారులే అనుకున్నాం. కుదురుకోలేదు సరికదా, మొదట్లో ఉన్న కాస్త రుచీ పోయింది.

ముందు హంగుల సంగతి. మన రాష్ట్రంలో అసలు కేసినో పెట్టే వీల్లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020లో ఆన్‌లైన్ జూదాన్ని కూడా అందులోకి తెచ్చారు. అందుకని వీళ్ళు గోడలకి పేకముక్కల బొమ్మలు అంటించి, పాచికల ఆకారంలో లైట్లు వేలాడదీసి, బిల్లు కట్టే ముందు ఒక చక్రం తిప్పిస్తారు. పిల్లలకి భలే సరదా. మేం ఎప్పుడు తిప్పినా ‘మళ్ళీ వచ్చినప్పుడు పది శాతం తగ్గింపు’ దగ్గరే ఆగుతుంది. ఆ కూపనేమో శని, ఆదివారాలు చెల్లదు!

నేను కొన్నాళ్ళు సింగపూర్‌లో షిప్‌యార్డు పని చేశాను. సెలవు రోజు పొద్దున్నే హాకర్ సెంటర్‌కి, అంటే చవక తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోటికి, వెళ్ళి డిమ్ సమ్ తినడం అక్కడే అలవాటైంది. స్టార్ హోటల్ రుచి నేనేమీ అడగట్లేదు, అలాంటి మామూలు కొట్టులో దొరికేది దొరికితే చాలనుకున్నాను.

హార్ గావ్, అంటే రొయ్యలు పెట్టిన డిమ్ సమ్, తింటే చాలు, ఆ వంటగది సంగతి తెలిసిపోతుంది. గోధుమలోంచి గ్లూటెన్ తీసేయగా మిగిలిన స్టార్చ్‌లో కొంచెం కర్రపెండలం పిండి కలిపి, సలసల మరిగే నీళ్ళు పోసి ముద్ద చేస్తారు. ఆవిరికి ఉడికాక పైపొరలోంచి రొయ్య గులాబీ రంగు కనిపించాలి. ఇక్కడ మైదా వాడుతున్నారు. తెల్లగా, మందంగా ఉంటుంది, లోపల ఏముందో దేవుడికే తెలియాలి. చాప్‌స్టిక్స్‌తో ఎత్తబోతే అడుగు కాగితానికి అతుక్కుని చిరిగింది, రొయ్య జారి ప్లేట్లో పడింది. పంటికింద బిగువుగా తెగాల్సిన రొయ్య మెత్తగా నలిగిపోయింది. పై మడతలు మాత్రం ఎండి గట్టిగా ఉన్నాయి. ముందే ఉడికించి పెట్టుకుని మళ్ళీ వేడి చేస్తే అలాగే అవుతాయి. నాలుగింటికి మూడు వందల ఇరవై రూపాయలు. అదే మైదా పొరలో చికెన్ పెట్టి బండి కుర్రాడు ఎనభైకి ఇస్తాడు, మోమో అనే చెప్పి ఇస్తాడు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రతీరపు ఊళ్ళున్న జిల్లాలో ఫ్రీజర్ రొయ్య తినాల్సి రావడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

వెదురు బుట్టది ఇంకో కథ. వెదురు మూత ఆవిరిని కొంత పీల్చుకుంటుంది, కొంత బయటికి వదులుతుంది. ఇంట్లో ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు నీళ్ళు కారి పై ఇడ్లీలు చిత్తడైపోతాయే, ఆ బాధ ఉండకూడదనే ఆ బుట్ట. ఇక్కడ టేబుల్ మీదికొచ్చిన బుట్ట అడుగున చెయ్యి పెట్టి చూస్తే తడి లేదు, అల్లికలో దుమ్ము మాత్రం ఉంది. లోపల డిమ్ సమ్ చూస్తే తడితడిగా ఉంది.

“ఏటి బాబూ, ఆవిరి మీంచి దించిన బుట్ట ఇంత పొడిగా ఉందేటి?” అని మా ఆవిడ అడిగింది.

“ఉడకబెట్టేది లోన స్టీలు దాంట్లోనమ్మా, ఇది వడ్డించడానికే” అన్నాడు ఆ కుర్రాడు. పాపం, దాచకుండా చెప్పాడు.

అసలు డిమ్ సమ్ పొద్దుటి పూట తిండి. దక్షిణ చైనాలో గ్వాంగ్జౌ, హాంకాంగ్ వైపు పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా టీ తాగుతూ తింటారు. టీ కుండ మూత కాస్త పక్కకి జరిపి పెడితే వేడినీళ్ళు మళ్ళీ నింపుతారు. కప్పులో టీ పోసినవాళ్ళకి థాంక్స్ చెప్పాలంటే వేళ్ళతో బల్ల మీద తట్టడం అక్కడి మర్యాద. పొద్దున్న ఏడింటికే టిఫిన్ బళ్ళ చుట్టూ మూగే ఊరు మనది, అలాంటి చోట వీళ్ళు తెరిచేది సాయంత్రం ఆరింటికి. టీ అంటే కప్పులో ఒక డిప్ బ్యాగు, అరవై రూపాయలు. ఇంకాసిని వేడినీళ్ళు అడిగితే బిల్లులో ఇంకో టీ రాశారు.

బియ్యప్పిండి పలచగా కలిపి, ఆవిరి మీద పొరలా ఉడికించి చుట్టే చెంగ్ ఫన్ కొత్తలో ఉండేది. దాన్ని నిజంగానే బాగా చేసేవారు. వంటాయన మారాక అది మెనూలోంచే పోయింది, ఆ స్థానంలో షెజ్వాన్ పనీర్ వచ్చి కూర్చుంది. సియూ మైలో, అంటే పైన మూయకుండా వదిలేసే డిమ్ సమ్‌లో, పంది మాంసం బదులు చికెన్ పెట్టడం నాకు తప్పనిపించలేదు, ఇక్కడ అమ్ముడుపోవాలి కదా. కానీ ఆ చికెన్‌కి ఉప్పూ లేదు, కారమూ లేదు. అన్నింటి మీదా ఒకటే ఎర్ర సాస్ పోసి ఇచ్చేస్తారు.

బిల్లు మాత్రం చూసుకుని కట్టండి. జీఎస్టీ ఎలాగూ తప్పదు. సర్వీస్ ఛార్జి అలా కాదు, అడక్కుండా బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఇక్కడ కలిపే ఇస్తారు, అడిగితే మాట్లాడకుండా తీసేస్తారు. అడగనివాళ్ళే ఎక్కువ.

కస్టర్డ్ బన్ మాత్రం ఇప్పటికీ బాగుంటుంది. మెత్తగా, తీపి మరీ ఎక్కువ కాకుండా, లోపల వేడివేడిగా. అదొక్కటీ పార్సిల్ తెచ్చుకుంటున్నాం. అయిదుకి రెండు ఇస్తాను, ఒకటి బన్‌కి, ఒకటి వడ్డించే కుర్రాళ్ళ మర్యాదకి.